నల్లగదిలో కాగితం

జెర్మెన్‌జిక్‌లో మా అంజూరాల గోదాముకి
కిటికీల్లేని గది ఒకటుంది.
లోపల ఊదారంగు దీపం.
బూజు విషం పట్టిన పండు ఆ వెలుగులో
మిణుగురులా పచ్చగా మెరుస్తుంది.
పొట్ట విప్పి చూడక్కర్లేదు.
మెరిసినదాన్ని ఏరి పక్కన పడెయ్యడం నా పని,
పదకొండేళ్ళుగా, నిలబడి.

తోర్బలి కంపెనీ వాళ్ళు కబురు పెట్టారు.
జీతం ఒకటిన్నర రెట్లు. ఇంటి సందు మొదటికే బస్సు.
మధ్యాహ్నం వేడి సూపు, వీపు ఆనుకునే కుర్చీ.
నిజం చెప్పాలంటే
నేను పడిపోయింది కుర్చీ దగ్గర.

రాజీనామా రాయడానికి ఒక రాత్రి పట్టింది.
ఇవ్వడానికి తొమ్మిది రోజులు.

మొదటిరోజు వెళ్ళేసరికి మా యజమాని నెజ్‌దెత్ బే
టీ తెప్పించాడు.
చక్కెర రెండు బిళ్ళలు. నాకెన్నో ఆయనకి గుర్తే.
తాగి వచ్చేశాను.
రెండోరోజు ఆయన మనవరాలికి పాలపన్ను ఊడింది,
చొక్కా జేబులోంచి తీసి చూపించాడు.
అరచేతిలో పాలపన్ను పెట్టుకున్న మనిషితో
మానేస్తానని ఎట్లా చెప్పను?
మూడోరోజు వాన. ఎండబెట్టిన సరుకంతా తడిసి
ఆయన మొహమే ఓ తడిసిన గోనెసంచి.
నాలుగోరోజు గుమ్మందాకా వెళ్ళాను.

లెక్కలు రాసే హిదాయెత్‌ని
ఊరికే అడిగినట్టు అడిగాను:
"మానేస్తే ఎంతొస్తుంది?"
తల ఎత్తకుండానే చెప్పాడు:
"మేం తీసేస్తే పదకొండేళ్ళకీ లెక్కగట్టి ఇస్తాం.
నీ అంతట నువ్వు పోతే, పోవడమే.
ఆడవాళ్ళు పెళ్ళయిన ఏడాదిలోగా మానితే వస్తుందిలే.
చేసుకుంటావా?"
నాకు నలభై నాలుగు. మా ఆయన బస్టాండులో
నువ్వుల రొట్టెలమ్ముతున్నాడు.
రాత్రి ఆ మాట చెబితే
"విడిపోయి మళ్ళీ చేసుకుందామా" అన్నాడు.
నవ్వాం.
తర్వాత కాసేపు ఇద్దరమూ నవ్వలేదు.

ఏడోరోజు దీపం కింద వంగినప్పుడు
ఏప్రాన్ జేబులోంచి కాగితం అంచు బయటికొచ్చింది.
ఆ వెలుగులో తెల్లకాగితం ఎట్లా మండుతుందో
నాకు తెలియనిది కాదు. మరిచాను.
నీలంగా, భగ్గుమని,
గదంతటికీ అదొక్కటే.
ఎదురు బల్ల దగ్గర గులిజార్ చేతులు ఆగాయి.
ఏమీ అడగలేదు.
మర్నాడు అందరి టీ గ్లాసులూ కడిగింది,
నాది వదిలేసి.
నేను పోతే నా బల్ల కూడా ఆమె నడుం మీదే పడుతుంది.
కొత్తమనిషిని పెడతామన్న మాట
ఈ గోదాములో ఏ దీపం కిందా ఇంతవరకు మెరవలేదు.

తొమ్మిదోరోజు
టీ రాకముందే కాగితం బల్లమీద పెట్టేశాను.
ఆయన చదివాడు. కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ చదివాడు.
నేను ఏడవడానికి సిద్ధపడి వెళ్ళాను,
ఇస్త్రీ చేసిన రుమాలుతో.
"ఎంతిస్తామన్నారు?"
చెప్పాను.
"నేనూ అంతే ఇస్తాను. ఈ నెల నుంచే."

సొరుగు తెరిచి చూసుకోలేదు,
హిదాయెత్‌ని కేకెయ్యలేదు,
గడ్డమైనా గోక్కోలేదు.
అంటే ఆ డబ్బు ఇక్కడే ఉంది.
నిరుడూ ఉంది.
నా వేలు బెల్టులో నలిగిన ఏడాదీ ఉంది.
రెండు బిళ్ళల చక్కెర మరవని మనిషి
దీన్ని మాత్రం ఎట్లా మరిచాడో.

రుమాలు మడత విప్పకుండానే లేచాను.
"ఎనిమిది వారాలు చేసి వెళ్ళాలి" అన్నాడు వెనకనించి.
తోర్బలి వాళ్ళు నాలుగే ఆగుతామన్నారు.
ఆ బేరం ఇంకా తెగలేదు.

నల్లగదిలోకొచ్చి దీపం వేశాను.
గులిజార్ ఒక బుట్ట ముగించింది,
రెండోది సగం చేసింది,
అప్పుడు, పళ్ళ మీంచి చూపు ఎత్తకుండా,
"అక్కడ కూర్చోనిస్తారా?" అంది.